మూడు చుక్కల సరుకు

మొన్న రాజమండ్రిలో ఒక పెద్ద షాపులో, జీడిపప్పుకీ ఖర్జూరానికీ మధ్య, ఒక అట్టపెట్టె కనిపించింది. లోపలున్నది కనపడేలా మూతకి గాజుకాగితం అతికించారు. అందులో నాలుగు కురిడీ కొబ్బరి గుడ్లు, మెత్తటి రంగు కాగితం మీద పొందిగ్గా కూర్చున్నాయి. పెట్టె మీద ఒక ఆవిడ బొమ్మ. నుదుట రూపాయంత బొట్టు, జరీ చీర, కట్టెల పొయ్యి ముందు కూర్చుని గొట్టంతో ఊదుతూ నవ్వుతోంది. కింద "కోనసీమ సంప్రదాయ పొగ కురిడీ" అని రాశారు. బొమ్మలో పొగ మాత్రం లేదు. పొగ ఉంటే ఆ నవ్వు ఉండదని బొమ్మ వేసినవాడికి ఎలా తెలుస్తుంది, పాపం. కౌంటరు దగ్గరి అమ్మాయి వచ్చి, తీసుకోండి మేడం, ఇది చాలా ఒరిజినల్ అండి, పాతకాలం పద్ధతిలో చేశారు అంది. నాకు ఒళ్ళు మండింది. చిన్నపిల్ల, దాన్నేమంటాం? పెట్టె అక్కడే పెట్టేసి, కొనాల్సిన కందిపప్పు కూడా కొనకుండా బయటికొచ్చి ఆటో ఎక్కాను. ఇంటికొచ్చేదాకా గొంతులో ఆ పాత పొగ ఘాటు ఆడుతూనే ఉంది. మా అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆవిణ్ణి ఎవరో అట్టపెట్టె మీద అచ్చేసి అమ్ముకుంటున్నట్టు అనిపించి, ఆ రోజంతా నేను మనిషిని కాలేకపోయాను.

నేను కాలేజీలో కామర్స్ చెప్పి బతికినదాన్ని. వ్యాపారానికి ఇల్లూ సరుకూ కాకుండా ఇంకో ఆస్తి ఉంటుంది, దాని పేరు గుడ్‌విల్, అది కంటికి కనిపించదు అని ఏటా కొత్త పిల్లలకి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ నాకు మా వంటింటి కప్పు గుర్తొచ్చేది. మా ఇంటి గుడ్‌విల్ కంటికి కనిపించేది మరి. నల్లగా, జిడ్డుగా, వేలితో గీస్తే గోటికి అంటుకునేంత దళసరిగా పేరుకుని ఉండేది. ఈ మాట క్లాసులో ఎప్పుడూ చెప్పలేదు. చెబితే నవ్వుతారని కాదు, చెప్పడం మొదలుపెడితే నేను ఎక్కడ ఆగుతానో నాకే నమ్మకం లేదు.

మా ఊరు రాజోలు దాటాక మలికిపురం వెళ్ళే దారిలో, పంటకాలవ పక్కన. నాన్నకి కొద్దిగా కొబ్బరితోట ఉండేది. అది చాలక చుట్టుపక్కల తోటల్లో కాయ కొని కురిడీ కట్టేవాడు. కురిడీ అంటే తెలియనివాళ్ళ కోసం చెప్పాలి. ముదిరిన కొబ్బరికాయల్ని పైనున్న పీచు డొక్కతో సహా అటక మీద పోసి నెలల తరబడి ఉంచితే, లోపలి నీళ్ళు ఇంకిపోయి, కొబ్బరి చిప్పని వదిలేసి బంతిలా ఎండుతుంది. చెవి దగ్గర పెట్టి ఊపితే గటగటమంటుంది. అప్పుడు డొక్క ఒలిచి, చిప్ప నెమ్మదిగా పగలగొడితే గుడ్డు గుడ్డంతా బయటికొస్తుంది. ఉత్తరాదిన పెళ్ళిళ్ళకీ పూజలకీ ఆ గుడ్డే కావాలట, ముక్క పనికిరాదట. మా ఇళ్ళలో ఏ శుభకార్యానికీ అక్కర్లేని వస్తువు అది. ఎక్కడో మేమెరగని పెళ్ళికూతుళ్ళ కోసం మా వంటింటి మీద ఏడాదికి తక్కువ కాకుండా కాయలు పడుకునేవి.

వంటింటి మీదే ఎందుకంటే, కిందనుంచి పొగ తగలాలి. మా వైపు వానలు పట్టుకుంటే ఒక పట్టాన వదలవు. పొగ తగలని కాయకి బూజు పడుతుంది, పురుగు పడుతుంది, కళ్ళలోంచి కుళ్ళు కారుతుంది. అందుకే అటకని సందులుండేలా తాటిదబ్బలతో వేసేవారు. పొయ్యిలో కొబ్బరిడొక్కలు, మట్టలు. అన్నం ఉడకడానికి మంట కావాలి, కురిడీకి పొగ కావాలి, రెండూ ఒకే పొయ్యి. వంట అయ్యాక తడి డొక్కలు నాలుగు పైన వేసి, మంట రానివ్వకుండా, ఆరిపోనివ్వకుండా కనిపెట్టుకుని కూర్చోవాలి. మా మామ్మ, అంటే నాన్నని కన్న తల్లి, వీధరుగు మీద మంచంలో పడుకుని ముక్కుతోనే కాపలా కాసేది. ముక్కుపొడుం పీల్చీ పీల్చీ వేరే వాసనలేవీ తెలియని మనిషికి ఈ ఒక్క వాసనలో తేడా వస్తే మాత్రం ఇట్టే తెలిసిపోయేది. అక్కడినుంచే కేకేసేది, సత్యవతీ, మంటెక్కువైందే అని. అమ్మ లోపల దగ్గుతూ ఆయ్ అత్తయ్యగారూ అనేది.

ఆ ఇంట్లో అన్నిటికీ ఆ వాసనే. పెరుగులో, పక్కబట్టల్లో, నా స్కూలు యూనిఫారంలో. నేను వెళ్ళి కూర్చుంటే పక్క బెంచీవాళ్ళు, వంటిల్లొచ్చిందర్రా అనేవారు. కుంకుడుకాయ పెట్టి రుద్దీ రుద్దీ నా నెత్తి పుండయిందిగానీ వాసన పోలేదు. అప్పుడప్పుడు ఏదో కాయ కుళ్ళి, సరిగ్గా పప్పుగిన్నెలోకి బొట్టు కారేది. ఆ పూట పప్పు గేదెకి, మాకు ఆవకాయ. నాన్న ఆ ఆవకాయే కలుపుకుని తినేసి లేచేవాడు. అన్నిటికన్నా గుర్తున్నవి అమ్మ కళ్ళు. ఎప్పుడూ ఎర్రగా, ఇప్పుడే ఏడ్చి లేచినట్టు ఉండేవి. కొత్తగా వచ్చిన చుట్టాలు ఏమ్మా ఏమైంది అని అడిగేవారు. ఏం కాలేదండి, వ్యాపారం అని నవ్వేది. అది మా ఇంట్లో వాడుకమాటయిపోయింది.

సరుకు ఎండాక గవరయ్యగారు వచ్చేవారు. ఆయన దళారీ. కోనసీమ కాయకీ, అహమ్మదాబాద్ వైపు సేట్లకీ మధ్య మనిషి. తెల్లపంచె, భుజాన తువ్వాలు, జేబులో యాలకులు. అమ్మని చెల్లెమ్మా అనేవారు, అందుకని నాకు ఆయన మావయ్యగారు. మిగతా దళారీలు కాయ చూస్తారు. ఆయన తిన్నగా వంటింటి గుమ్మం దాకా వచ్చి, చెప్పులు విడిచి, తలెత్తి అటక చూసేవారు. తాటిదబ్బ మీద వేలితో రాసి ముక్కు దగ్గర పెట్టుకునేవారు. తర్వాత ఒకే ఒక్క కాయ దింపించుకుని, కళ్ళు మూసుకుని చెవి దగ్గర ఊపేవారు. అంతే పరీక్ష. తర్వాత బేరం. అరుగు మీద నాన్నా ఆయనా ఎదురెదురుగా కూర్చుని, తువ్వాలు కింద చేతులు పెట్టి వేళ్ళు పట్టుకునేవారు. ఏ వేలు పడితే ఎంత అన్నది వాళ్ళకే తెలుసు. పైకి మాత్రం వానల గురించీ మామ్మ మోకాళ్ళ గురించీ మాట్లాడుకునేవారు.

అసలు బేరం అక్కడ జరగదని ఆ ఇద్దరికీ తెలుసు. కాసేపటికి గవరయ్యగారే అనేవారు, సూర్నారాయణా, నీకు దాహమేస్తందేమో, లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగిరా అని. నాన్న లోపలికొచ్చి అమ్మ చెవిలో ధర చెప్పేవాడు. అమ్మకి నచ్చితే గ్లాసు నిండా నీళ్ళిచ్చేది. నచ్చకపోతే కుండలో నీళ్ళు లేవండి, కాలవకెళ్ళాలి అనేది, బయటికి వినిపించేలా. కుండ నిండుగా ఉన్నాసరే. గవరయ్యగారు బయట నవ్వుకుని మళ్ళీ తువ్వాలు పరిచేవారు. ఆడమనిషి తువ్వాలు కింద చెయ్యి పెట్టడమన్నది మా వైపు లేదు. పెట్టకుండానే మా అమ్మ తన సరుకు తను అమ్ముకునేది. నాన్న వట్టి మంచినీళ్ళు మోసే మనిషి అని మామ్మ వెక్కిరించేది. నాన్నకి ఆ మాటకి కోపం రాకపోగా మురిసిపోయేవాడు. అది మాత్రం ఆయన మంచితనం, ఒప్పుకోవాలి.

ఒక ఏడు గవరయ్యగారు వస్తూ ఒక చీర తెచ్చారు. ఎర్రటి చీర, నిండా తెల్ల చుక్కలు. సేట్‌గారు పంపేరమ్మా, పొయ్యికాడుండే తల్లికిమ్మన్నేరు అన్నారు. మా అటక సరుకు వాసన చూసి ఆ ముసలి సేటు ఇది ఏ ఇంటిదని అడిగాడట. అప్పటినుంచి మా బస్తాలు మిగతావాటిలో కలవకుండా వాటి మీద ఎర్రరంగుతో మూడు చుక్కలు వేసి పంపుతున్నారట, మూడు పొయ్యిరాళ్ళకి గుర్తుగా. అక్కడి బజారులో మూడు చుక్కల మాల్ అంటే చాలట, కత్తిపెట్టి చూడకుండా తీసుకుంటారట. అమ్మ ఆ చీర అందుకుంది. చీర కొంగు వేళ్ళతో తడుముతూ నిలబడింది. రైలెక్కని మనిషి, అమలాపురం దాటని మనిషి. తను ఎన్నడూ చూడబోని ఊళ్ళో తన పొయ్యికి పేరుంది. ఆ సాయంత్రం నాన్నతో, ఏవండీ, అహమ్మదాబాద్ అంటే కాశీ కన్నా దూరమాండి అని అడగడం విన్నాను. ఆ చీర ఎప్పుడూ వంటింట్లో కట్టలేదు, పొగ పడుతుందని.

నేను హైస్కూలు చివరికి వచ్చేసరికి అమ్మ దగ్గు మారింది. ముందు పొయ్యి దగ్గర వచ్చేది, తర్వాత కాలవ దగ్గర, తర్వాత మంచం మీద. ఊళ్ళో ఆరెంపీ ఇచ్చిన ఎర్రమందు సీసాలు గూట్లో వరసగా పేరుకున్నాయి. మెట్లెక్కితే ఆగి గోడ పట్టుకునేది. అప్పట్లోనే పొదుపు సంఘాల ఆడవాళ్ళకి గ్యాస్ కనెక్షన్లు ఇస్తున్నారు. నాన్న తిరిగీ తిరిగీ, దండాలు పెట్టగలిగినవాళ్ళందరికీ పెట్టి, సిలిండరు తెచ్చాడు. సైకిలు వెనక కట్టుకుని, పక్కన నడిపించుకుంటూ, పెళ్ళికొడుకుని తెస్తున్నట్టు తెచ్చాడు. ఇంక పొగ మానెయ్యే, ఈ ఏడుతో అటక ఖాళీ చేసేద్దాం అన్నాడు. నాకు ఎంత సంతోషమేసిందో. నా జుట్టుకి కూడా విముక్తి అనుకున్నాను.

అమ్మ ఒప్పుకోలేదు. మూడు చుక్కలు పోతాయండి అంది. మామ్మా అమ్మా కలిసి ఒక ఏర్పాటు చేశారు. వంట గ్యాస్ మీద, పక్క గదిలో. పాత పొయ్యి కాయలకి. ఇద్దరికీ అది ఎంతో తెలివైన పనిగా తోచింది, నాన్నకి కూడా. గిన్నె లేని పొయ్యి వెలిగించడం అరిష్టమని మామ్మ పట్టుబట్టి, దాని మీద ఒక డేగిసాతో నీళ్ళు పెట్టించింది. రోజంతా వేణ్ణీళ్ళే. మా వీధి వీధంతా బిందెలు పట్టుకొచ్చి వేణ్ణీళ్ళు పట్టుకెళ్ళేవారు, సత్యవతమ్మగారి ధర్మమా అని చంటిపిల్లలకి జలుబులు లేవని దీవించేవారు. మేం కూడా నవ్వుకునేవాళ్ళం. ఎవరమూ గమనించనిది ఒకటుంది. ఇదివరకు రెండు పూటలా వంటకి మంట పెట్టేవారు, ఆ మంట వెలిగినంతసేపూ పొగ తగ్గి కాస్త ఊపిరాడేది. ఇప్పుడు వంట లేదు కాబట్టి మంట అక్కర్లేదు. తెల్లారి లేచింది మొదలు పొద్దుగూకేదాకా వట్టి పొగే, దాని ముందు అమ్మే. గ్యాస్ వచ్చాక మా ఇంట్లో పొగ పెరిగింది. ఈ మాట ఎవరికి చెప్పినా నమ్మరు. ఆ ఇంట్లో ఉన్న నాకే అర్థం కావడానికి ఏళ్ళు పట్టింది.

లోకం అప్పటికే ఇంకో దారి పట్టింది. మా ఊళ్ళో ఇంటికొకరు చొప్పున కువైట్‌కో మస్కట్‌కో వెళ్ళారు. వాళ్ళు పంపిన డబ్బుతో పెంకుటిళ్ళు పడగొట్టి డాబాలు వేశారు. డాబాకి అటకెక్కడిది? ఒక్కొక్క ఇల్లూ లేస్తున్నకొద్దీ ఒక్కొక్క అటకా మాయమైంది. పైదేశం పామాయిలు పాకెట్లు మలికిపురం కిరాణాకొట్లలో వేలాడాయి, కొబ్బరికాయ ధర అడిగేవాడు లేక తోటల్లోనే మొలకలొచ్చాయి. టీవీల్లో దేశం వెలిగిపోతోందని చెబుతూ ఉండేవారు. గవరయ్యగారు వచ్చినప్పుడల్లా మూడు చుక్కలకి మాత్రం గిరాకీ తగ్గలేదమ్మా, పెరిగింది, ఇంకాస్త కాయ పోయించండి అనేవారు. అమ్మ గేదెల పాక మీద కూడా ఒక అటక కట్టించి, అక్కడా ఒక పొయ్యి పెట్టించింది. రెండు పొయ్యిల మధ్య గోడ పట్టుకుని తిరిగేది. నేను డిగ్రీలో చేరాను. ఒకరోజు ఉండబట్టలేక గట్టిగా అరిచాను, ఎవడి పెళ్ళి కోసమే నువ్వు చచ్చిపోతున్నావు అని. అమ్మ నా వైపు చూసి, నీకు ఉద్యోగమొచ్చాక నీ పేరు బోర్డు మీద రాస్తారా అని అడిగింది. రాస్తారన్నాను. మరి నాకూ ఒక బోర్డుందే, చాలా దూరంలో ఉందంతే అంది.

ఆ ఏడు వానలు వెనకబట్టాక దగ్గులో నెత్తురు చార కనిపించింది. నాన్న ఇంక ఎవరి మాటా వినలేదు. మామ్మని పక్కింటివాళ్ళకి అప్పజెప్పి, ముగ్గురం అమలాపురం ఆస్పత్రికి బస్సెక్కాం. అమ్మ ఆ ఎర్ర చీర కట్టుకుంది. కిటికీ పక్కన కూర్చోబెట్టాం. చాలా రోజులకి బయటికొచ్చిందేమో, చిన్నపిల్లలా ప్రతి డాబానీ చూపించి ఇది ఎవరిదండీ అని అడుగుతోంది. అంబాజీపేటలో ఒక లారీ దారికి అడ్డంగా పెట్టి సరుకు ఎక్కిస్తున్నారు. బస్సు ఆగింది. కండక్టరు దిగి కేకలేస్తున్నాడు. గోడౌను వరండా నిండా బస్తాలు, కప్పుదాకా పేర్చి ఉన్నాయి. ప్రతి బస్తా మీదా మూడు ఎర్ర చుక్కలు.

అమ్మ కిటికీలోంచి ముందుకి వంగింది. ఏవండీ, మన అటక ఇంకా దించలేదు కదా అంది. నాన్న తొంగి చూసి, కాదు ఇంకేదో గుర్తయ్యుంటుందిలే అన్నాడు, తనకే నమ్మకం లేని గొంతుతో. అమ్మ లేచింది. మెట్లు దిగడానికి నా భుజం పట్టుకున్న మనిషి, దిగాక నన్ను వదిలేసి నడిచింది. వెళ్ళి ఒక బస్తా మీద చెయ్యి వేసి, కుట్టు సందులోకి వేలు దూర్చి, ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది, అచ్చం గవరయ్యగారిలాగే. మొహం చిట్లించింది. నేనూ వాసన చూశాను. గంధకం. దీపావళి మర్నాడు వీధిలో వచ్చే వాసన.

గవరయ్యగారు లోపలినుంచి వచ్చారు. చెవి దగ్గర సెల్‌ఫోను. మమ్మల్ని చూసి ఫోను జేబులో పెట్టేశారు. రండి చెల్లెమ్మా, కుర్చీ వెయ్యండ్రా అని లోపలికి కేకేశారు. అమ్మ కూర్చోలేదు.

"ఎక్కడి సరుకండి ఇది, అన్నయ్యగారూ?"

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. "మీ కాడ దాచడమెందుకమ్మా. పై రాష్ట్రాల్నుంచి వస్తందండి, పొగకి బదులు గంధకం పెట్టిన సరుకు. పెద్ద సేట్‌గారు పోయేరు. ఆయనబ్బాయి కాయ చూడడు, వాసన చూడడు. మూడు చుక్కలెన్ని బస్తాలున్నాయని ఫోన్లో అడుగుతాడంతే. నేను లేవంటే ఇంకోడి కాడికి పోతాడు. ఊళ్ళో అటకలెక్కడున్నాయండి, మీదొక్కటే కదా."

"ఎప్పట్నుంచండి?"

"మీ ఇంటికి గ్యాస్ వచ్చిన ఏడు నుంచే అనుకోండి."

అమ్మ ఊపిరి తీసుకోవడానికి ఆగింది. ఆ ఊపిరిలోని ఈల శబ్దం లారీ హమాలీలకి కూడా వినిపించి ఇటు తిరిగారు. "ఆ ఏడే నాకో మాట చెప్పుంటే పొయ్యి ఆర్పేసేదాన్ని కదండీ."

గవరయ్యగారు తువ్వాలు మడత పెట్టుకున్నారు. తలెత్తకుండానే చెప్పారు. "పైవరసకి మీదే కావాలి కదమ్మా. ఎవరైనా బస్తా ఇప్పితే మొదట వాసన రావాలి కదండి."

నాన్న ముందుకి ఉరికాడు. జన్మలో ఎవరినీ ఏరా అనని మనిషి, ఒరేయ్ అన్నాడు. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. డాక్టరుగారు వెళ్ళిపోతారు పదండి అంది. గవరయ్యగారికి వస్తానండి అన్నయ్యగారూ అని కూడా చెప్పింది. ఆవిడ అక్కడ నిలబడి నాలుగు మాటలని ఉంటే, దుమ్మెత్తి పోసి ఉంటే, నేను ఇన్నేళ్ళు ఇది మోసేదాన్ని కాదు. మా వైపు మర్యాద ఉంది చూశారూ, అది మనిషిని చివరిదాకా చక్కగా కూర్చోబెట్టి ముంచుతుంది. మళ్ళీ బస్సెక్కాక అమ్మ కిటికీ పక్కన కూర్చోలేదు. నన్ను కూర్చోమంది.

తర్వాతి సంగతులు ముందే చెప్పేస్తాను. నాన్న ఆ రెండు అటకల కాయనీ వేరే ఊరి వ్యాపారికి, ఏ చుక్కా లేకుండా అమ్మేశాడు. ఆ తర్వాత అమ్మ కొన్నేళ్ళు బతికింది, ఎక్కువగా కూర్చునే. పడుకుంటే ఊపిరాడేది కాదు. ఆవిడ పోయిన రోజు గవరయ్యగారు అందరికన్నా ముందు వచ్చి, అందరికన్నా ఎక్కువ ఏడ్చారు. అది దొంగ ఏడుపని అనలేను. ఆయనకి అమ్మంటే నిజంగానే గౌరవం, ఆ గౌరవంతోనే పైవరసలో పెట్టారు. ఇప్పుడు నా విద్యార్థులు కొందరు అదే వ్యాపారంలో ఉన్నారు. వాళ్ళకి తువ్వాళ్ళు లేవు, వేళ్ళు లేవు. ఫోన్లో ఫొటో, ఫోన్లో ధర. సరుకు ఏ ఇంటిదో ఎవరి ఊపిరిదో అడిగే ముసలి సేట్లు పోయారు. పాతరోజుల్లో మాటకి విలువుండేదని మా వయసువాళ్ళు పెళ్ళిళ్ళలో కూర్చుని తెగ వాపోతుంటారు. ఉండేది, నిజమే. ఆ మాట నిలబడ్డానికి లోపల గుమ్మం వెనక ఎవరు కాలారో మాత్రం వాళ్ళు చెప్పరు. ఇప్పటి కాలం మంచిదని నేననను. కానీ మా అమ్మాయి వంటింట్లో నిలబడి పాట పాడుకుంటూ వంట చేస్తుంటే, గుండె నిండా గాలి పీల్చుకుని మరీ పాడుతుంటే, ఆ పాత మర్యాదలన్నీ పోతే పోయాయిలే అనిపిస్తుంది. అంతలోనే అమ్మ అడిగిన బోర్డు సంగతి గుర్తొచ్చి మళ్ళీ తికమక పడతాను.

ఇంక ఆ రోజు ఆస్పత్రి గురించి. మేం వెళ్ళేసరికి జనం పలచబడ్డారు. ఎక్స్‌రే తీశారు. డాక్టరు వయసులో చిన్నవాడు, మా వైపు మనిషి కాదు. ఆ ఫిలిం వెలుతురుకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు. అమ్మ వైపు చూశాడు, ఎర్ర చీర వైపు చూశాడు, మళ్ళీ ఫిలిం వైపు.

"ఏమనుకోకండమ్మా. చుట్ట గానీ బీడీ గానీ కాలుస్తారా? చాలా ఏళ్ళు కాల్చినవాళ్ళకే ఊపిరితిత్తులు ఇలా ఉంటాయి."

నాన్న కంగారుగా చేతులు జోడించాడు. "అబ్బే, అలాంటివేం లేవండి. మా ఆవిడ ఏ పనీ చెయ్యదండి, ఇంట్లోనే ఉంటదండి."

ఆయన అబద్ధం చెప్పాలనుకోలేదు. అందరు మగవాళ్ళూ అందరు డాక్టర్లకీ చెప్పే మాటే చెప్పాడు. అమ్మ నెమ్మదిగా తల తిప్పి నాన్నని చూసింది. కోపంగా కాదు. ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూసింది. తర్వాత డాక్టరు వైపు తిరిగి, కుర్చీలో వెన్ను నిటారుగా పెట్టుకుంది.

"వ్యాపారమండి," అంది.

"ఎవరు?"

"నేనేనండి. కురిడీ వ్యాపారం. కాపరానికొచ్చిన కాణ్ణుంచీ చేసేనండి. మూడు చుక్కల సరుకంటే అహమ్మదాబాద్‌లో తెలుస్తదండి."

డాక్టరుకి ఏం అర్థమైందో నాకు తెలియదు. పొగా అని అడిగాడు. ఆయ్ అంది. ఆయన ఫిలిం బల్ల మీద పెట్టి, ఆ వ్యాపారం ఇంక ఆపెయ్యాలమ్మా, ఇవాళ్టినుంచే ఆపెయ్యాలి అన్నాడు. నాన్న తల వంచుకుని కూర్చున్నాడు. నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను.

"కట్టేసేనండి," అంది అమ్మ. "ఇందాకే, వచ్చే దారిలో."